హ్యూమాక్స్ హెచ్‌డీఆర్-ఫాక్స్ టీ2లో కస్టమ్ ఫర్మ్‌వేర్: ముందు తాళం తీయండి

బ్రిటన్‌లో 2010లో మార్కెట్లోకి వచ్చిన ఈ టీవీ రికార్డర్ ఇంకా చాలా ఇళ్లలో టీవీ కింద నమ్మకంగా పనిచేస్తోంది. ఫ్రీవ్యూ హెచ్‌డీ (బ్రిటన్‌లో యాంటెన్నాతో ఉచితంగా వచ్చే టీవీ), రెండు ట్యూనర్లు, 500 జీబీ లేదా 1 టీబీ డిస్కు. అక్కడున్న మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి: ఫ్రీవ్యూలో తెలుగు ఛానళ్లు రావు. బీబీసీ, ఐటీవీ, ఛానల్ 4 చూసేవాళ్లకే ఇది పనికొస్తుంది.

దీనికి ఔత్సాహికులు తయారుచేసిన కస్టమ్ ఫర్మ్‌వేర్‌లో (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్‌కు కొత్త పనులు చేర్చేది) పదుల కొద్దీ ప్యాకేజీలు, అంటే చిన్న అదనపు ప్రోగ్రాములు, ఉన్నాయి. వాటిని చూడగానే ప్రకటనలు ఎగరగొట్టేదాని మీదికో, రిమోట్ బటన్లు మార్చేదాని మీదికో మనసు పోతుంది. పెట్టె వయసు చూస్తే అవి తర్వాతి సంగతి. ఇది డిస్కు మీద రాసే ప్రతి రికార్డింగ్‌నూ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేసి పెడుతుంది. ఆ తాళంచెవి ఆ పెట్టె సీరియల్ నంబరుకూ, నెట్‌వర్క్‌లో దాని గుర్తింపైన మ్యాక్ అడ్రసుకూ ముడిపడి ఉంటుంది. రేపు మదర్‌బోర్డు పోతే, డిస్కు నిక్షేపంగా ఉన్నా, అదే మోడల్ ఇంకో పెట్టెలో పెట్టినా ఆ రికార్డింగులు తెరుచుకోవు. కాబట్టి పెట్టె బతికి ఉండగానే రికార్డింగుల తాళం తీసేయాలి. కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

వేసే పద్ధతి తేలికే. ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ సమాచారం తెరిచి, కంపెనీ ఫర్మ్‌వేర్ ఏ వెర్షనో చూడండి. కస్టమ్ ఫైలు ఒక్కో అధికారిక వెర్షన్‌కు ఒక్కొక్కటిగా ఉంటుంది, 1.03.12 ఉంటే దానికి సరిపోయేదే తీసుకోవాలి. జిప్ విప్పితే వచ్చే హెచ్‌డీఎఫ్ ఫైలును పేరు మార్చకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. 64 జీబీ డ్రైవులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, వాటిని ఈ పెట్టె గుర్తించదు. "ఫైలు పెట్టాను, ఏమీ జరగలేదు" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. పాత 4 జీబీ డ్రైవు ఒకటి వెతికి పట్టుకోండి. పెట్టెను వెనక స్విచ్ దగ్గర ఆపి, డ్రైవును ముందున్న యూఎస్‌బీలో పెట్టి, మళ్లీ ఆన్ చేయాలి. ముందు డిస్‌ప్లేలో పని ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. అది పూర్తయ్యేదాకా కరెంటు తీయొద్దు. పూర్తయ్యాక డ్రైవు తీసేయండి, లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే తంతు మొదలవుతుంది.

ఇక్కడ చాలామందికి ఉండే భయం ఒకటి: కంపెనీ సాఫ్ట్‌వేర్ పోతుందేమోనని. పోదు. మెనూలు, గైడ్, రికార్డింగ్ అన్నీ హ్యూమాక్స్ ప్రోగ్రామే నడుపుతుంది, కొత్తవి దాని పక్కన నడుస్తాయి. వద్దనుకుంటే వేసిన ప్యాకేజీలు తీసేసి, అధికారిక హెచ్‌డీఎఫ్ మళ్లీ వేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది.

తర్వాత నెట్‌వర్క్ తీగ పెట్టి, కంప్యూటర్ బ్రౌజర్‌లో రికార్డర్ ఐపీ అడ్రసు కొట్టండి. చిన్న పేజీ ఒకటి వచ్చి, పూర్తి వెబ్ ఇంటర్‌ఫేస్‌ను దించుకోమంటుంది. అది డిస్కు మీద కూర్చున్నాక ప్యాకేజీలన్నీ అక్కడినుంచే వేసుకోవచ్చు. రౌటర్‌లో ఆ ఐపీని స్థిరంగా కేటాయించుకుంటే రోజూ వెతుక్కునే బాధ ఉండదు.

ఇప్పుడు తాళం సంగతి. ఎస్‌డీ (మామూలు నాణ్యత) రికార్డింగును కంపెనీ మెనూ నుంచే యూఎస్‌బీకి కాపీ చేస్తే దారిలోనే తాళం ఊడిపోతుంది. హెచ్‌డీకి అలా కాదు. ఫ్రీవ్యూ హెచ్‌డీలో కాపీ నియంత్రణకు బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2010లో బీబీసీకి అనుమతి ఇచ్చింది. దాని ఫలితంగా హెచ్‌డీ రికార్డింగుల మీద ఒక రక్షణ గుర్తు పడుతుంది. అది ఉన్నంతవరకు కాపీ చేసినా ఎన్‌క్రిప్టయిన ఫైలే బయటికి వస్తుంది. ప్రతి రికార్డింగుకూ నాలుగు ఫైళ్లుంటాయి: టీఎస్‌లో బొమ్మా శబ్దమూ, ఎన్‌టీఎస్‌లో ముందుకూ వెనక్కూ తిప్పడానికి కావలసిన సూచిక, టీహెచ్‌ఎంలో చిన్న బొమ్మ, హెచ్‌ఎంటీలో పేరు, వివరాలు, బుక్‌మార్కులు. ఆ రక్షణ గుర్తు ఉండేది ఈ హెచ్‌ఎంటీలోనే. ఆటో-అన్‌ప్రొటెక్ట్ ప్యాకేజీ దాన్ని తీసేస్తుంది. తీసేసినంత మాత్రాన ఫైలు తెరుచుకోదు, తెరవడానికి అడ్డు మాత్రమే తొలగుతుంది. అసలు డీక్రిప్షన్, అంటే తాళం తీయడం, వేరే పని. వెబ్ ఇంటర్‌ఫేస్‌లో ఫోల్డర్ మీద ఆటో-డీక్రిప్ట్ పెట్టుకుంటే అందులోకి వచ్చే ప్రతిదాన్నీ అదే తెరిచి పెడుతుంది.

సెట్టింగ్స్‌లో కంటెంట్ షేరింగ్ ఆన్‌లో ఉంచండి. కస్టమ్ ఫర్మ్‌వేర్ పాత వెర్షన్లలో డీక్రిప్షన్ పెట్టెలోని డీఎల్‌ఎన్‌ఏ సర్వర్ (ఇంటి నెట్‌వర్క్‌లో వీడియోలు పంచేది) ద్వారానే జరుగుతుంది. షేరింగ్ ఆఫ్‌లో ఉన్నా, నెట్‌వర్క్ తీగ ఊడినా పని ఆగిపోతుంది, తప్పెక్కడుందో తెర మీద ఏమీ చెప్పదు. కొత్త రికార్డింగు సర్వర్ జాబితాలోకి ఎక్కడానికి కొంత సమయం పడుతుంది కూడా. ఇంకో సంగతి, స్టాండ్‌బైలో ఈ పెట్టె పూర్తిగా నిద్రపోతుంది. ఆటో పనులు అది మెలకువగా ఉన్నప్పుడే జరుగుతాయి. ఎంతకీ డీక్రిప్ట్ కావడం లేదంటే, చూసే వేళకు మాత్రమే ఆన్ చేస్తున్నారేమో గమనించండి. రోజూ ఒక గంటసేపు లేచేలా షెడ్యూల్‌లో రిమైండర్ పెడితే సరిపోతుంది. రెండు రికార్డింగులు నడుస్తున్నప్పుడు మాత్రం పెద్ద కాపీలు మొదలుపెట్టకండి, ప్రాసెసర్‌కు అంత ఓపిక లేదు.

బయటికి తీసేటప్పుడు యూఎస్‌బీ డిస్కు ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. హెచ్‌డీలో సినిమా అంటే ఆ హద్దు దాటినట్టే. డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ3లో ఫార్మాట్ చేసుకోండి. విండోస్ నుంచి నేరుగా చూద్దామని సాంబా (ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే ప్యాకేజీ) వేస్తే అది పాత ఎస్‌ఎంబీ పద్ధతి, విండోస్ 10 దాన్ని ముందే ఆపేసి ఉంచుతుంది. దానితో కుస్తీ పట్టడం కన్నా, ఫైళ్లు దించుకునే ఎఫ్‌టీపీ పద్ధతి మేలు. చట్టం మాట కూడా: బ్రిటన్ 1988 కాపీరైట్ చట్టం 70వ సెక్షన్ ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోనిస్తుంది. ఊరందరికీ పంచడం అందులోకి రాదు.

రెండో ముఖ్యమైన పని డిస్కును కనిపెట్టుకుని ఉండడం. వెబ్ ఇంటర్‌ఫేస్ డయాగ్నోస్టిక్స్‌లో స్మార్ట్ పట్టిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) ఉంటుంది. అందులో మూడు వరుసలు చూస్తే చాలు. 5వది: చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులోని చిన్న గడులు). 197: చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. 198: సరిచేయలేనివి. బొమ్మ ఒకేచోట ఆగిపోవడం, ఫైలు డిలీట్ చేస్తే పెట్టె తిరిగి స్టార్ట్ కావడం లాంటివి కనబడితే ముందు 197 చూడండి. అక్కడ కొన్ని ఉంటే ఫిక్స్-డిస్క్ నడపాలి: టెల్నెట్‌తో (కంప్యూటర్ నుంచి ఆదేశాలు టైపు చేసే పద్ధతి) లోపలికి వెళ్లి, మెనూలో మెయింటెనెన్స్ మోడ్ ఎంచుకుని, పెట్టె రీస్టార్ట్ అయ్యాక మళ్లీ కనెక్టయి ఫిక్స్-డిస్క్ అనాలి. అది చెడ్డ సెక్టార్లను వెతికి, వాటి మీద తిరిగి రాసి, ఆపైన ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది. తిరిగి రాయడమంటే అక్కడున్న డేటా పోయినట్టే. అది వీడియో మధ్యలోదైతే ఒక క్షణం బొమ్మ చెదురుతుంది, అంతే. అయినా కావలసినవన్నీ ముందే బయటికి తీసుకుని నడపండి. 1 టీబీ డిస్కుకు గంటలు పడుతుంది, రికార్డింగులు లేని రాత్రి చూసుకోండి.

197 సున్నాకు వచ్చి 5వది నిలకడగా ఉంటే దిగులు లేదు. 5వది వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్కు కొనాల్సిందే. మామూలు 3.5 అంగుళాల సాటా డిస్కే, 2 టీబీ దాకా ఇబ్బంది లేదు. రికార్డర్ల కోసం చేసిన ఏవీ రకం తీసుకోండి. ఎస్‌ఎంఆర్ డిస్కులు (ట్రాకులను ఒకదాని మీదొకటి కొంత ఎక్కించి రాసేవి) వద్దు, ఒకేసారి రెండు రాస్తూ ఒకటి చదవడం వాటికి భారం. కొత్త డిస్కులు 4096 బైట్ల సెక్టార్లవి కాబట్టి పార్టిషన్ ఆ హద్దులకు సరిగ్గా కుదరాలి. పెట్టె తనంతట తాను ఫార్మాట్ చేస్తే అలా కుదరదు, రాసే వేగం పడిపోతుంది. లినక్స్ కంప్యూటర్‌లో పార్టిషన్లు చేసి, పాత డిస్కులోవి కాపీ చేసి పెట్టండి. తాళంచెవి ఉండేది పెట్టెలో, డిస్కులో కాదు. అందుకే అదే పెట్టెలో కొత్త డిస్కు పెట్టినా తెరవని రికార్డింగులు కూడా ఆడతాయి.

మిగతావాటిలో వేసుకోదగ్గవి కొన్నే. అన్‌డిలీట్ చెరిపినవాటిని చెత్తబుట్టలో పడేసి ఉంచుతుంది. ఆ బుట్టా డిస్కులో చోటు తింటుందని మరవకండి. రీట్యూన్ చేస్తే ఈ పెట్టె షెడ్యూల్ మొత్తం చెరిపేస్తుంది కనుక ఆటో-షెడ్యూల్-రిస్టోర్ తప్పనిసరి. డిటెక్ట్‌యాడ్స్ మధ్యమధ్య వచ్చే చిన్న నిశ్శబ్దాలను బట్టి ప్రకటనలు ఎక్కడున్నాయో అంచనా వేస్తుంది, డీక్రిప్ట్ అయిన ఫైలు మీదే పనిచేస్తుంది. అంచనా అప్పుడప్పుడూ తప్పుతుంది. కాబట్టి నేరుగా కత్తిరించమనకుండా బుక్‌మార్కులు పెట్టమనండి, ఒకసారి చూసుకుని నైస్‌స్ప్లైస్ ప్యాకేజీతో కోయవచ్చు.

ప్యాకేజీలు ఒక్కొక్కటిగా వేసి, రెండు మూడు రోజులు గమనించి ఇంకోటి వేయండి. ఒకేసారి పది వేశాక పెట్టె తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే ఏది కారణమో తేల్చడం కష్టం. వెబ్ ఇంటర్‌ఫేస్‌కు మొదట పాస్‌వర్డ్ ఉండదు, టెల్నెట్‌లో వెళ్లేది ఏదీ ఎన్‌క్రిప్ట్ కాదు. బయటి ఊరి నుంచి చూసుకుందామని రౌటర్‌లో వీటికి పోర్టు మాత్రం తెరవకండి. దూరం నుంచి షెడ్యూల్ పెట్టుకోవడానికి ఆర్‌ఎస్ ప్యాకేజీ ఉంది, దానికి పోర్టు తెరవక్కర్లేదు.