సమాధుల తోటలో చోటు దొరికే దాకా: మా అనుభవం

మేనత్తను మట్టి చేసి ఇంకా నెల కాలేదు. కోపం చల్లారకముందే రాస్తున్నా. ప్రొద్దుటూరు, కడప చుట్టుపక్కల స్వతంత్ర క్రైస్తవ సంఘాలకు (పాత మిషన్ చర్చిల కింద లేని మందిరాలకు) పోయే కుటుంబాలు ఇది ముందే తెలుసుకుంటే మంచిది.

మరణ నమోదు సులువే. ఇంట్లో పోయినవాళ్ల సంగతి 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో చెప్తే సర్టిఫికెట్‌కు రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పేరు మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. బాప్తిస్మం పేరు రాయిస్తే తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు. ఫ్రీజర్ బాక్స్‌కు ఫోన్ చేస్తే ఇంటికే తెస్తారు, కరెంటు పోతే ఏం చేస్తారో బాడుగ మాట్లాడేటప్పుడే అడగండి.

అసలు కథ చోటు దగ్గర. మా అత్త చిన్నప్పుడు పాత మిషన్ సంఘంలో, తలమీద నీళ్లు చల్లే చిలకరింపు బాప్తిస్మం పొందింది. పెద్దయ్యాక వీధి చివర ప్రార్థన మందిరానికి పోతూ, నీళ్లలో ముంచి ఇచ్చే ముంపు బాప్తిస్మం తీసుకుంది. మందిరానికి మైకులున్నాయి, కీబోర్డు ఉంది, సమాధుల తోట లేదు. ఆ పాస్టరుగారు ఇంటికొచ్చి ఎంతో ఆదరణగా ప్రార్థన చేసినారు, స్థలం మాట ఎత్తగానే "పాత సంఘంలో అడగండి బ్రదర్" అన్నారు. పాత సంఘం కమిటీలో "మళ్లీ బాప్తిస్మం తీసుకున్నప్పుడే పేరు కొట్టేసినాం" అన్నారు. మరి పేరు లేనప్పుడు బాకీ ఎట్లా ఉంటుంది? ఉందన్నారు! అత్త రావడం మానేసిన ఏడు నుంచి నెల చందా లెక్కగట్టి, దానిమీద స్థలం సొమ్ము వేసినారు. శవం ఇంట్లో ఉంటే బేరమాడే నోరు ఎవరికుంటుంది? అది వాళ్లకూ తెలుసు. పాత సంఘం పాస్టరు అయ్యగారు మంచోడే, కానీ తోట తాళం కమిటీ సెక్రెటరీ చేతిలో ఉంది. బయట నిలబెట్టి, బంధువుల ముందరే బాకీల పుస్తకం తెరిచి చదివినారు.

బైబిల్లో ఆదికాండము 23 చదవండి. భార్య శారాను పాతిపెట్టే చోటు కోసం అబ్రాహాము ఆ ఊరివాళ్లైన హేతు కుమారుల ముందు సాగిలపడతాడు. పొలం ఆసామి ఎఫ్రోను ఊరందరి ఎదుట ఊరికే ఇస్తానంటాడు, ఆ వెంటనే నాలుగు వందల తులాల వెండి అని ధరా చెప్తాడు. అబ్రాహాము మాట తిప్పలేదు, అందరి ఎదుట తూచి ఇచ్చి పొలం, గుహ, చెట్లతో సహా ఖాయం చేసుకున్నాడు. మేమూ అదే పని చేసినాం, సాక్షుల ముందర కట్టినాం. రసీదులో మొదట "భవన నిధి" అని రాసినారు. ఒప్పుకోవద్దండీ. "సమాధి స్థలం" అని, చనిపోయినవారి పేరుతో, వరుస నంబరుతో రాయించుకోండి. రేపు సమాధి రాయి పెట్టుకోవాలంటే అదే అడుగుతారు. ఖననం రిజిస్టరులో పేరు ఎక్కిందో లేదో ఆ రోజే మీ కళ్లతో చూసుకోండి.

గుంట సంగతి. పొడవు ఏడడుగులు, వెడల్పు మూడు, లోతు ఐదారు. పెట్టె కొలత తీసేటప్పుడు పక్కల పిడులు మరిచిపోతారు, అప్పుడు పెట్టె మధ్యలో ఇరుక్కుంటుంది. నల్లరేగడిలో ముందురోజే తవ్వి వదిలితే గోడలు కూలతాయి, పొద్దున్నే తవ్వించండి. మట్టి ఒక పక్కకే పోయించండి, రెండో పక్క ఇంటివాళ్లూ అయ్యగారూ నిలబడాలి. దించడానికి లావు మోకులు రెండు కావాలి. ఒకటి భుజాల కింద, ఒకటి మోకాళ్ల కింద. నైలాన్ తాడు వద్దు, చేతులు కోస్తుంది, జారుతుంది.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి ఒక మాట. బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడింది. మా ఇంటికొచ్చిన ఒకాయన "సంఘం మారింది కాబట్టే ఇట్లా" అన్నాడు. మాట్లాడకుండా అన్నం వండిపెట్టి, గిన్నెలు తోమి పోయిన అక్కలూ ఉన్నారు, వాళ్లలో సగం మంది ఆ పాత సంఘం వాళ్లే. వాళ్ల కమిటీ మీద కోపం వాళ్లమీద చూపించలేకపోయినాం.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇప్పుడే ఏ సంఘంలో పేరుందో అడిగి, బాప్తిస్మం రిజిస్టరు నకలు తీసుకోండి. చందా కడితే రసీదు దాచండి. సిమెంటు సమాధి తొందరపడి కట్టొద్దు, ఒక వానాకాలం పోనిచ్చి మట్టి దిగాక కట్టండి, లేకుంటే రేగడి ఉబ్బి బీటలిస్తుంది. అందాకా చుట్టూ నాపరాళ్లు నాటి, తలవైపు చెక్క సిలువ పెట్టుకుంటే చాలు. చెక్క సిలువకు ఎవరి అనుమతీ అక్కర్లేదని కమిటీవాళ్లే చెప్పినారు.