తోడి గాంధారం గీతగా మారిన రోజు

రెండేళ్ల క్రితం మార్చిలో నా గొంతు పోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. రీల్స్‌లో విన్న పాటల్ని అదే శ్రుతిలో, అచ్చం అలాగే పాడాలని రోజూ రాత్రి రెండేసి గంటలు కూర్చునేదాన్ని. వాళ్ల గొంతు తారస్థాయిలో ఎక్కడా వణకదు, ఊపిరి తీసుకున్న చప్పుడైనా వినిపించదు. నాకెందుకు రావడం లేదని ఇంకా గట్టిగా పాడేదాన్ని.

ఈఎన్‌టీ డాక్టరు సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూసి, స్వరతంత్రులు వాచాయన్నారు. ఇలాగే సాగితే వాటిమీద చిన్న గడ్డలు కడతాయని కూడా చెప్పారు. వారం రోజులు మాట వద్దు, గుసగుసలు కూడా వద్దు. ఆ వారమంతా ఇక పాడలేనేమోనని టెన్షన్. తర్వాత స్పీచ్ థెరపిస్ట్ సగం గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అని పాడించారు. స్ట్రా గాలిని కాస్త ఆపితే వెనక్కి ఒత్తిడి వస్తుందట, దానివల్ల తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయట. కొన్ని రోజులకే ఆ తేడా గొంతులో తెలిసింది.

అప్పుడు చెన్నై మైలాపూరులో సంగీతం నేర్పే మామి దగ్గరికి వెళ్లాను. శనివారం పొద్దున్నే పెరుంగుడిలో రైలెక్కి తిరుమయిలైలో దిగేదాన్ని. మామిది తమిళం. త్యాగరాజ కీర్తనలు వందకు పైగా నోటికి వచ్చు కానీ తెలుగు మాట్లాడరు. ఒక్కో మాటకు అర్థం నన్ను అడిగి నోట్‌బుక్కులో రాసుకుంటారు. అది చూస్తే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

మామి మొదట నా శ్రుతి, అంటే నేను 'స' పట్టే ఎత్తు, ఐదున్నర నుంచి నాలుగున్నరకు దించారు. నెల్లూరులో చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకున్నదాన్ని, మళ్లీ మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలా అని మనసు చివుక్కుమంది. కానీ పాడేకొద్దీ పురందరదాసు ఆ రాగంతో ఎందుకు మొదలుపెట్టించారో అర్థమైంది. అందులో స-రి పక్కపక్కనే ఉంటాయి, రి-గ మధ్య ఎడం ఎక్కువ. ప-ద, ద-ని కూడా సరిగ్గా అదే కొలత. దగ్గరి స్వరం, దూరపు స్వరం రెండూ చెవికి ఒకేసారి అలవాటవుతాయి. తెల్లవారుజామున మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, 'ఆ' అంటూ అకార సాధన, తర్వాత మూడు వేగాల్లో సరళీలు. ఆరు నెలలు ఇంతే.

ఆ ఆరు నెలల మధ్యలోనే ఆఫీసు స్నేహితుడొకరు వడపళనిలోని తన చిన్న స్టూడియోకి రమ్మన్నాడు. తోడి రాగంలో ఒక కీర్తన పల్లవి ఆరుసార్లు పాడాను. మూడో టేకులోంచి మొదటి పాదం, ఐదోదాంట్లోంచి రెండో పాదం, మొదటిదాంట్లోంచి ఒక్క అక్షరం తీసి అతుకు కనబడకుండా కలిపాడు. నా ఊపిరి చప్పుళ్లన్నీ తగ్గించాడు. ఆ తర్వాత శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఇలాంటివాటిలో బాగా పేరుపడ్డ ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూమిలోపలి తరంగాల లెక్కలు చూసిన ఇంజనీరు.

తెరమీద నా గొంతు వంకర గీతలా కదులుతోంది. తోడిలో గాంధారం, అంటే 'గ', ఒకచోట నిలిచే స్వరం కాదు, కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఊపును తప్పనుకుని సాపు చేసేసింది. విన్నాను. గొంతు నాదే, ఎక్కడా మచ్చలేదు, కానీ అందులో తోడి లేదు. నాకు కన్నీళ్లొచ్చాయి. నేను ఇన్నాళ్లూ ఏ గొంతులతో పోటీపడి నా గొంతు పాడుచేసుకున్నానో ఆ గదిలో కళ్లారా చూశాను.

ఎడిటింగ్ తప్పని నేను అనను. ముక్కలుగా పాడి కలపడం సినిమా రికార్డింగుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ అలా కలిపినదానికి 'ఒకే టేకులో పాడాను' అని రాస్తే, దాన్ని చూసి సాధన చేసే పదిహేనేళ్ల పిల్లకు అది అన్యాయం.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఎప్పుడూ ఒకే గదిలో, తంబుర యాప్ పెట్టుకుని, ఫోన్‌లో ఒక్కసారే పాడి రికార్డు చేస్తున్నాను. వెంటనే వినను, మర్నాడు వింటాను. పాడిన వెంటనే వింటే గొంతు అలసటే గుర్తుంటుంది, తప్పులు వినపడవు. మొదట్లో ఎనిమిది సెకన్లకే షడ్జం, అంటే 'స', కిందికి జారేది. ఏడాదికి పద్దెనిమిది సెకన్లు నిలిచింది.

మొన్న నవరాత్రికి మామి ఇంట్లో కొలువు ముందు, మైకు లేకుండా ఆ తోడి కీర్తనే పాడాను. చరణంలో ఒకచోట ఊపిరి చాలక మాట మధ్యలో ఆగాల్సి వచ్చింది. గాంధారం మాత్రం ఊగవలసినట్టే ఊగింది. మామి తాళం వేస్తూనే తల పంకించారు. తర్వాత సుండల్ (గుగ్గిళ్లు) చేతికిస్తూ, ఆ మాట ఎక్కడ విరిస్తే అర్థం చెడదో చెప్పమని నోట్‌బుక్కు తెరిచారు.