కన్నడ లిపిలో మా నాన్న తెలుగు

మా నాన్న 2019లో పోయారు. ఆయన ట్రంకుపెట్టెలో పొలం దస్తావేజుల కింద నాలుగు లాంగు నోటుపుస్తకాలు దొరికాయి. 1955లో, పంతొమ్మిదేళ్ల వయసులో, అన్నగారి వెంట గుడివాడ దగ్గరి పల్లె నుంచి బయలుదేరి ఇప్పటి కర్ణాటకలోని సింధనూరు తాలూకాలో నల్లరేగడి కొన్న నాటి నుంచి మా తమ్ముడి పెళ్లి వరకు తన బతుకంతా ఆయన వాటిలో రాసుకున్నారు. వాటిని పుస్తకంగా వేసి కుటుంబం చేతుల్లో పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులో అచ్చుపని నాలుగు నెలలే. మిగిలిన కాలమంతా చదవడానికి, చదివి వినిపించడానికి, ఎవరి కోసం వేస్తున్నామో తేల్చుకోవడానికి పట్టింది.

ఆ చివరి ప్రశ్న మా ఇంట్లో తేలికైనది కాదు. హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో కాలువలకు నీళ్లు వదిలాక, కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు సొంత ఊళ్లో ఉన్న కొద్దిపాటి చెక్క అమ్ముకుని, అక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమి కొనుక్కున్నారు. పొలాల మధ్యనే ఇళ్లు వేసుకున్న ఆ ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సింధనూరు ఉన్న రాయచూరు జిల్లా అప్పట్లో హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. “మేము గట్టు దిగకుండానే రాష్ట్రం మారింది” అని నాన్న రాశారు. మా బడి కన్నడ బడి అయింది. నాన్న మనవలు, మనవరాళ్లు పదకొండు మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, వాళ్లలో ఇద్దరికే తెలుగు అక్షరాలు వచ్చు. నేను కూడా పెళ్లయి విజయవాడ వచ్చిన తరువాతే గుణింతాలు దిద్ది, కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకున్నాను.

అందుకే ఇలాంటి పని తలపెట్టేవారికి నేను మొట్టమొదట చెప్పేది టైపు గురించి. మా నోటుపుస్తకాలను టైపు చేయడానికి ఒక డీటీపీ సెంటరుకు ఇచ్చాను. వాళ్లు చాలాకాలంగా వాడుకలో ఉన్న పాత ఫాంటులో కొట్టి ఇచ్చారు. కాగితం మీద చక్కగానే కనిపించింది. కానీ ఆ ఫైలును మరో కంప్యూటరులో తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వచ్చాయి. ఒక పేరు కోసం వెతికితే దొరకలేదు. ఏ కంప్యూటరులోనైనా అక్షరాలు అక్షరాలుగానే తెరుచుకునే యూనికోడు పద్ధతిలోకి మార్పించినప్పుడు ఒత్తులు కొన్ని తారుమారై, మొత్తం పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి ప్రూఫు చూడవలసి వచ్చింది. యూనికోడులోనే టైపు చేయాలని ముందే గట్టిగా అడిగి ఉంటే అందుకు పట్టిన ఆరు నెలలు మిగిలేవి.

రెండో సంగతి భాష. నాన్న తెలుగులో గుడివాడ యాస, సింధనూరు కన్నడం కలిసిపోయి ఉంటాయి. కాలువను ఆయన “ఎడదండె కాలువ” అని రాశారు. కన్నడంలో దండె అంటే ఒడ్డు. ప్రూఫులు చూసిన పెద్దమనిషి శ్రద్ధగల వారే, కానీ దాన్ని ప్రతిచోటా “ఎడమ గట్టు కాలువ” అని దిద్దారు. నేను కూర్చుని ఒక్కొక్కటిగా మళ్లీ “ఎడదండె” చేశాను. అక్షరదోషాలు దిద్దవచ్చు, వాక్యం తెగిపోయిన చోట ఒక కామా పెట్టవచ్చు. ఒక మనిషి యాభై ఏళ్లు పలికిన మాటను మాత్రం మనం మార్చకూడదని నేను నమ్ముతున్నాను. తెలియని పాఠకుడి కోసం పుస్తకం చివర మూడు పేజీల పదకోశం ఇచ్చాను.

అన్నింటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది చదివి వినిపించడం. ప్రచురణ సంస్థ వేసే పుస్తకమైతే ఎవరో ఒకరు మధ్యలో ఆపి, ఇది నిజమేనా, ఇది అవసరమా అని అడుగుతారు. సొంతంగా వేసుకునేటప్పుడు అడిగేవారు ఉండరు కాబట్టి, పుస్తకంలో ఉన్న మనుషులే అడిగేలా చేయాలనుకున్నాను. బతికి ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి, వారి ప్రస్తావన ఉన్న పేజీలను వారికి చదివి వినిపించాను. మా మేనత్త, క్యాంపుకు మొదటిసారి నీళ్లు వచ్చిన ఏడాది నాన్న రాసినది కాదని పట్టుబట్టారు. శిస్తు రశీదులు తీసి చూస్తే ఆవిడ చెప్పిందే సరైనదని తేలింది.

పెదనాన్నకూ నాన్నకూ భూమి పంపకాల్లో వచ్చిన తగువు గురించి నోటుపుస్తకంలో మూడు పేజీలు ఉన్నాయి. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ పేజీలు తీసేయాలని మా తమ్ముడు, ఉంచాలని నేను చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి వాటిని ఎనభై నాలుగేళ్ల పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆవిడ మంచం పట్టె పట్టుకుని, మధ్యలో ఒక్క మాటైనా అనకుండా చివరిదాకా విన్నారు. తరువాత ఇలా అన్నారు: “మీ నాన్న రాసింది అబద్ధం కాదమ్మా, తియ్యొద్దు. అయితే, రోగమొచ్చి ఎడ్లు చచ్చిపోయిన యేడు, నా మెడలో కాసులపేరు తాకట్టుపెట్టి మీ నాన్నకి ఎడ్లు కొనిచ్చింది ఎవరో, అది కూడా రాయి.”

ఆ సంగతి నాన్న ఎక్కడా రాయలేదు. ఆయన గొంతులో దాన్ని నేను చేర్చలేను, చేర్చకుండా ఉండనూ లేను. ప్రతి అధ్యాయం చివర చిన్న అక్షరాలతో “విన్నవి” అని ఒక భాగం పెట్టి, ఎవరు చెప్పారో, వారు మాకు ఏమవుతారో అందులో ఇచ్చాను. పెద్దమ్మ మాటలు ఆవిడ అన్నవి అన్నట్టుగానే ఉన్నాయి. తగువు పేజీలూ ఉన్నాయి.

బాబాయి నాన్నకు రాసిన ఉత్తరాలకు మాత్రం పిన్ని చేత సంతకం పెట్టించుకున్నాను. ఉత్తరం మన పెట్టెలో ఉన్నంత మాత్రాన అందులోని రాతపై హక్కు మనకు రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం అది రాసినవారిది; వారు పోయిన తరువాత వారి వారసులది.

అచ్చు వివరాలు క్లుప్తంగా చెబుతాను. డెమ్మీ 1/8 సైజు (మామూలు నవలల సైజు), 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, 176 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు పదకొండు. ఫోటోలకు విడిగా ఆర్టు పేపరు మీద మరో ఫారం. ఆఫ్‌సెట్‌లో ఖర్చు చాలావరకు అచ్చు ప్లేట్ల తయారీ దగ్గరే అయిపోతుంది కాబట్టి, నూరు ప్రతులకూ మూడు నూర్ల ప్రతులకూ మనం అనుకున్నంత తేడా ఉండదు. మేము 300 వేయించి కుట్టు బైండింగు చేయించాం. గమ్ముతో మాత్రమే అతికించినవి పదేళ్లకు పేజీలు ఊడడం మా ఇంటి అలమారాలోనే చూశాను. పాత ఫోటోలు చిన్నవి కనుక 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయించాం. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయితే ప్రచురణకర్తగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాతో పాటు ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. పోస్టాఫీసు కౌంటరు మీద ఆ పొట్లాలు పెట్టినప్పుడు, ఎడ్లబండి మీద సింధనూరు చేరిన ఇద్దరు అన్నదమ్ముల కథ కలకత్తా బీరువాలో ఉంటుందన్న తలంపుకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

తెలుగు అక్షరాలు రాని తొమ్మిది మంది పిల్లల సంగతి అప్పటికీ అలాగే ఉంది. కన్నడంలోకి అనువదిస్తే అది నాన్న మాట కాదు. అప్పుడు మా చెల్లెలి కొడుకు ఒక దారి చూపించాడు. యూనికోడులో తెలుగు, కన్నడ అక్షరాలను ఒకే వరుసలో అమర్చారు. తెలుగు “క” తన వరుసలో ఎన్నో స్థానంలో ఉంటుందో కన్నడ “క” కూడా తన వరుసలో అదే స్థానంలో ఉంటుంది. అందువల్ల ఫైలు మొత్తాన్ని, భాష మార్చకుండా, లిపి మాత్రమే మార్చడం అతనికి ఒక సాయంత్రం పని అయింది. పాత ఫాంటులోనే ఉండిపోయి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు. తెలుగు మాటలు, కన్నడ లిపి. డిజిటల్ ప్రింటింగులో అరవై ప్రతులు వేయించాం. పెద్దమ్మ మనవడు మొదటి పేజీ గట్టిగా చదువుతుంటే, ఆవిడ అతని నోటి వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ కన్నడ లిపి ప్రతి ఒకటి, మా పొలానికి ఆనుకుని ఉన్న ఊళ్లో, తెలుగు రాని ఒక ఇంటికి చేరింది. ఫోటోల ఫారంలో, నాన్న, పెదనాన్న మొదటి గుడిసె ముందు నిలబడిన చిత్రంలో, వారి పక్కన తలపాగా చుట్టుకున్న మూడో మనిషి ఉన్నాడు. మా వాళ్లలో ఎవరూ ఆయనను గుర్తుపట్టలేదు. కింద “పేరు తెలియదు” అని వేశాం. ఆ ఇంటి కుర్రవాడు ఆ రెండు మాటలూ కూడబలుక్కుని, వెంటనే మా తమ్ముడికి ఫోన్ చేశాడు. తలపాగా మనిషి వాళ్ల తాతగారు. ఆ పొలం మా వాళ్లకు అమ్మినది ఆయనే. మొదటి వానాకాలం మా వాళ్లు అన్నం తిన్నదీ ఆయన ఇంట్లోనే.

వచ్చే నెల క్యాంపుకు వెళ్లి, ఆ ఇంట్లో కూర్చుని, వాళ్లు చెప్పేది రాసుకుంటాను. రెండో ముద్రణలో ఆ ఫోటో కింద ఆయన పేరు ఉంటుంది.