కత్తెర పట్టుకున్నప్పుడే తలుపు కొడతారు

పర్లాకిమిడిలో మా వీధిలో ఇళ్లల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, ఆఫీసు కాగితాలు ఒడియాలో వస్తాయి. నేను చదివింది ఒడియా మీడియం. అందుకే బ్లౌజులు కుట్టుకునే నా దగ్గరికి ఒక్కోసారి బ్లౌజు ముక్కలకంటే ఫారాలే ఎక్కువ వస్తాయి.

2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వ పథకం సుభద్ర యోజన మొదలైనప్పుడు చూడాలి ఆ జనాన్ని. అర్హత ఉన్న 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకు ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయలు. పైగా దసరా ముందు రోజులు, మిషను పక్కన గుడ్డలు గుట్టగా పడున్నాయి. పొద్దున్నే బైబిలు తెరిస్తే గేటు చప్పుడు. దేవుడితో మాట్లాడుకుంటుంటే మనుషులు అడ్డొస్తున్నారని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాట రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఒకరోజు పట్టు బ్లౌజు కటింగ్‌లో ఉన్నాను. వెనక వీధి పిన్ని ప్లాస్టిక్ కవరులోంచి ఆధార్, బ్యాంకు పుస్తకం తీసి గడపమీద పెట్టింది. "అమ్మా, ఒకపాలి సూసి పెట్టవా?" అంది. తలెత్తకుండానే "రేపు రా పిన్నీ" అన్నాను. కూలికి వెళ్లే మనిషి, ఆ పూట పని మానుకుని వచ్చిందని నాకు తట్టలేదు.

ఆమె మళ్లీ రాలేదు. ఆదివారం చర్చి బయట కుళాయి దగ్గర కనిపిస్తే అడిగాను. ఎవరికో 200 ఇచ్చి రాయించుకుందట. ఆ ఫారానికి పైసా కట్టక్కర్లేదు. పైగా అసలు చిక్కు అలాగే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బ్యాంకు పుస్తకంలో ఇక్కడి పద్ధతిలో చివరికి పోయింది. మన తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తది కాదు, నేను చూసుంటే అప్పుడే చెప్పేదాన్ని. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ వారం మార్కు సువార్త అయిదో అధ్యాయం మళ్లీ చదివాను. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. యేసు అక్కడికే వెళ్తూ, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కోసం దారిలో ఆగాడు. ఎన్నిసార్లు చదివినా నేను ఆ స్త్రీ వైపే నిలబడేదాన్ని. ఈసారి పక్కన నిలబడ్డ యాయీరు కనిపించాడు. ఆ కాసేపు ఆయనకు ఎంత టెన్షన్‌గా ఉండుంటుందో! ఒకరి కోసం ఆగితే ఇంకొకరు ఎదురుచూడాల్సి వస్తుంది. నా విషయంలో ఆ ఇంకొకరు పట్టు బ్లౌజు ఇచ్చినామె.

అందుకని ముందు డెలివరీ తేదీలు మార్చాను. బుధవారానికి అయ్యేదాన్ని శుక్రవారం అని చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు గిరాకీలు వేరే టైలరు దగ్గరికి పోయారు, పోనీ అనుకున్నాను. తర్వాత పని వరస మార్చాను. కటింగ్‌లో చెయ్యి జారితే గుడ్డ పోయినట్టే. హెమ్మింగ్, ఉక్సులు, ఫాల్ అయితే సూది గుచ్చి ఎక్కడైనా వదిలేయొచ్చు. కాబట్టి జనం వచ్చే పగటిపూట చేతిపని, కటింగ్ రాత్రి భోజనాలయ్యాక. ప్రార్థన నాలుగున్నరకి జరిపాను. మొదటి వారం మోకాళ్లమీదే కునుకు తీశాను.

తలుపు కొట్టిన ప్రతివాళ్లనీ దేవుడే పంపాడని నేను అనను. కొందరు ఊసుపోక వస్తారు, వాళ్ల చేతికి విప్పాల్సిన పాత కుట్లు ఇస్తాను. రెండోసారికి రారు. ఇక ఫోనంటారా, దాన్ని ఎవరూ పంపలేదు, నేనే ఒళ్లో పెట్టుకున్నాను.

విసుగు పూర్తిగా పోలేదు. మొన్న కూడా గేటు చప్పుడైతే ముందు గడియారం వైపే చూశాను. వెనక వీధి పిన్ని, చేతిలో మళ్లీ అదే ప్లాస్టిక్ కవరు. గడప అవతలే నిలబడి, "కత్తిరిస్తన్నావేటమ్మా?" అంది.

"లేదు పిన్నీ, ఉక్సులు కుడుతున్నా. లోపలికి రా."

ఉక్సుల డబ్బా పక్కకి జరిపి కూర్చుంది.