ఎవరు ఎవరిని ఆక్సీకరించారు?

మూడు వారాలుగా చిన్న చిన్న ఆక్సీకరణ ప్రయోగాలు చేస్తూ నోటుపుస్తకం నింపుతున్నాను. నిన్న వెనక్కి తిరగేస్తే మొదటి పేజీలోనే తప్పు కనిపించింది: "ఇనుము ఆక్సీకరించింది." తుప్పు పట్టిందని నా ఉద్దేశం. రాసిన వాక్యానికి అర్థం మాత్రం ఇనుము మరి దేన్నో ఆక్సీకరించిందని! "మంచు కరిగింది" అనడానికి బదులు "మంచు కరిగించింది" అన్నట్టుంది. ఆక్సీకరించడం సకర్మక క్రియ, దానికి కర్మ ఉండి తీరాలి. తనంతట తాను మారినదానికి "ఆక్సీకరణం చెందింది" అనాలి.

ఆ పేజీలోది ఇనుప పీచు ప్రయోగం. పీచును రెండు నిమిషాలు వెనిగర్‌లో ముంచి, పిండి, 15 సెంటీమీటర్ల పరీక్షనాళిక అడుగున ఇరికించి, నీళ్ల గిన్నెలో తలకిందులుగా నిలబెట్టాను. మర్నాటికి పీచు ఎర్రబడింది, నాళికలోకి నీరు దాదాపు 3 సెంటీమీటర్లు ఎక్కి ఆగిపోయింది. గాలిలో ఐదోవంతు ఆక్సిజనే కదా, లెక్క సరిపోయింది. వాక్యాన్ని దిద్దాను: "ఆక్సిజన్ ఇనుమును ఆక్సీకరించింది."

రెండో వారం మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాములు కరిగించి, గరుకు కాగితంతో రుద్దిన మేకును వేశాను. నిమిషాల్లోనే మేకుపై ఎర్రటి రాగి పూత. తెల్లారేసరికి నీలం వెలిసి ద్రావణం ఆకుపచ్చకు తిరిగింది. ఇందులో ఆక్సిజన్ ప్రమేయం లేదు. ఇనుము పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లను ద్రావణంలోని రాగి అయాన్లు (విద్యుదావేశం ఉన్న రాగి కణాలు) తీసుకున్నాయి, అంతే. ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడమూ ఆక్సీకరణమే కాబట్టి క్రియ అదే: రాగి అయాన్లు ఇనుమును ఆక్సీకరించాయి. కాబట్టి ఇక్కడ అవే ఆక్సీకరణి (ఆక్సీకరించేది), క్షయకరణం చెందినవీ అవే. క్షయం అంటే తరగడం, ఇక్కడేమో ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి. ఈ పేరు నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది.

55.8 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి చేరాలి, అంటే మేకు బరువెక్కాలి. నాది తగ్గింది. కడిగేటప్పుడు రాగి పొట్టులా రాలిపోయింది. ఈసారి వడపోత కాగితం మీద పట్టి, ఆరబెట్టి, మేకుతో కలిపి తూస్తాను. చేతి తొడుగులు తప్పనిసరి. మిగిలిన ద్రావణం కాలువలో పోయకూడదు, చేపలకు రాగి విషం.

ఈ వారం నల్లబడ్డ వెండి చెంచా. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్. పళ్లెంలో అల్యూమినియం రేకు పరిచి, వేడి నీళ్లు, వంటసోడా పోసి చెంచాను వేశాను. పది నిమిషాలైనా చలనం లేదు. చూస్తే చెంచా సోడా గడ్డ మీద కూర్చుంది, రేకుకు తగలనే లేదు. కిందికి నొక్కగానే కుళ్లిన గుడ్డు వాసన సన్నగా వచ్చింది, నలుపు విడవడం మొదలైంది. రెండు లోహాలూ తాకితేనే ఎలక్ట్రాన్లకు దారి.

నోటుపుస్తకంలో ఈసారి ఆలోచించి రాశాను: "అల్యూమినియం ఆక్సీకరణం చెందింది. దాన్ని ఆక్సీకరించినవి వెండి అయాన్లు." చెంచా పిడి చివర ఇంకా కొంచెం నలుపుంది, రేపు రేకు మార్చి చూడాలి.