ఏ590 తిండీ తిప్పలూ

జూన్ 14

మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తూ ఒక కవరు చేతిలో పెట్టాడు. లోపల క్యానన్ పవర్‌షాట్ ఏ590 ఐఎస్, 2008లో వచ్చిన మోడల్. పెట్టె లేదు, కేబుల్ లేదు, చేతికి తగిలించుకునే తాడు మాత్రం ఉంది. పాత సామాన్ల కొట్టులో 1,800 రూపాయలకు ఇచ్చారట. "పనిచేస్తుందో లేదో మాకు తెలీదు, షోకేసులో పెట్టుకున్నా బాగుంటుంది" అని చెప్పి మరీ ఇచ్చారట.

పాపకి ఎనిమిదేళ్లు. ఫోన్ చేతికిస్తే రెండు ఫోటోలు తీసి మూడో నిమిషంలో వీడియోల్లోకి జారిపోతోంది. ఫోటో తీయడం తప్ప ఇంకేం రాని వస్తువు ఒకటి ఇంట్లో ఉండాలని నా ఆశ. అందుకే తెమ్మన్నాను.

వీధి చివర కిరాణా కొట్టులో రెండు పెన్సిల్ సెల్స్ కొని వేశాను. లెన్స్ బయటికొచ్చింది, సెల్స్ మార్చమంది, లోపలికెళ్లిపోయింది. మూడుసార్లూ అదే తంతు. రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకి పాతికేళ్లపాటు ఫోటో స్టూడియో ఉండేది.

"ఒరేయ్, సెల్స్ అని అడిగితే కొట్లో గడియారం సెల్స్ ఇస్తాడు. అవి గోడ గడియారానికి ఏడాది వస్తాయి, కెమెరాకి ఏడు నిమిషాలు కూడా రావు. ఆల్కలైన్ అని అడిగి తెచ్చుకో."

జూన్ 16

ఆల్కలైన్ వేశాను, బతికింది. సంగతేమిటంటే మామూలు జింక్ కార్బన్ సెల్ కొద్దికొద్దిగా చాలాకాలం కరెంటు ఇస్తుంది. కెమెరాకి అలా కుదరదు. లెన్స్ మోటారు తిరిగేటప్పుడు, ఫ్లాష్ చార్జ్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా గుంజుతుంది. అప్పుడు వోల్టేజీ దబ్బున పడిపోయి, సెల్‌లో ఇంకా సత్తువ ఉన్నా, అయిపోయిందనుకుంటుంది. "పాడైపోయింది" అని అమ్ముతున్న పాత కెమెరాల్లో ఎన్ని ఇలా ఆకలితో పడి ఉన్నాయో!

సెల్స్ గదిలో ఒక లోహపు బద్దకి తెల్లగా చిలుము పట్టి ఉంది. ఎప్పుడో ఆల్కలైన్ సెల్ కారినట్టుంది. అది క్షారం కాబట్టి దూదిపుల్లకి ఒక్క చుక్క నిమ్మరసం అద్ది తుడిచాను, తర్వాత పొడి గుడ్డతో, ఆఖరున పాప పెన్సిల్ రబ్బరుతో. లోహం తళుక్కుమంది. నిమ్మరసం ఎక్కువ పోస్తే లోపలికి దిగుతుంది, జాగ్రత్త.

జూన్ 29

ఆల్కలైన్ జత ఫ్లాష్‌తో కలిపి 140 ఫోటోలకి చేతులెత్తేసింది. ఇలాగైతే సెల్స్ కొనడానికే జీతం చాలదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ నాలుగు, చార్జరూ కొన్నాను. అన్నీ కలిపి కెమెరా ధర దగ్గరికొచ్చాయి. ఇంట్లో దీనిమీద చిన్న సభ జరిగింది.

కానీ తేడా ఉంది. ఒక్కో సెల్ 1.2 వోల్టులే అయినా గుంజినప్పుడు తట్టుకుంటాయి. మొదటి చార్జింగ్‌కే 300 దాటాను. చార్జ్ చేసి డబ్బాలో పెట్టినా త్వరగా దిగిపోని రకం తీసుకోండి, ప్యాకెట్ మీద "లో సెల్ఫ్ డిశ్చార్జ్" అని ఉంటుంది. జతకి ఒక రంగు టేపు అంటించుకుంటే ఈ జత సెల్ ఆ జతలో కలవదు. ఒకటి నిండుగా, ఒకటి సగంగా ఉంటే రెండూ దండగే.

జూలై

ఈ నెలంతా వాన. ఇంట్లో, కిటికీ పక్కన తీసినవే. ఆటోలో పెడితే ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె) తనంతట తనే పెంచేస్తోంది. ఈ కెమెరాలో 80 నుంచి 1600 దాకా ఉంది. నా కంటికి 80, 100, 200 బాగున్నాయి, 400 సర్దుకోవచ్చు, 800 దాటితే మొహాల మీద రవ్వ పోసినట్టు ఉంటుంది. డయల్‌ని పీ మీద పెట్టి ఐఎస్ఓ నేనే ఎంచుకుంటున్నాను. లెన్స్‌లో వణుకు ఆపే ఏర్పాటు ఉంది కాబట్టి గోడకి ఆనుకుని నిలబడితే సెకనులో పదో వంతు కూడా చేతిలో నిలుస్తోంది. అవతలి మనిషి కదలకూడదు, అంతే. పాప కదలకుండా ఉండేది నిద్రలోనే.

ఆఫీసులో ఒకాయన దగ్గర ఏ570 ఐఎస్ ఉంది. 2007 నాటిది, 7.1 మెగాపిక్సెల్, దీనికి అన్నయ్య. జూమ్ రెండిటికీ ఒకటే, పాత ఫిలిం కెమెరా లెక్కలో 35 నుంచి 140 మిల్లీమీటర్లు, అంటే నాలుగింతలు. ఆయన నాకిచ్చిన చిట్కా ఒక్కటే: "ఎండలో స్క్రీన్ ఆపేసి, పైనున్న అద్దంలోంచి చూడండి సార్." అవును, దీనికి కన్నుపెట్టి చూసే చిన్న కిటికీ ఉంది! ఇప్పటి చవక కెమెరాల్లో అది కనపడదు. స్క్రీన్ ఆపితే సెల్స్ కూడా నిలుస్తాయి. కిటికీలో కనిపించిన దానికన్నా ఫోటోలో కాస్త ఎక్కువే పడుతుంది, దగ్గరి వస్తువులైతే పక్కకి జరిగి పడతాయి.

ఆగస్టు 17, కడియం

రాజమండ్రిలో ఉండి కడియం నర్సరీలకి వెళ్లకపోతే కెమెరా కొన్న పుణ్యం దక్కదు. ఉదయం ఏడింటికే కడియపులంక చేరాం. పూల బొమ్మ గుర్తు నొక్కి, జూమ్ అసలు వేయకుండా ఉంటే 5 సెంటీమీటర్ల దగ్గరకి వెళ్లొచ్చు. జూమ్ వేస్తే అంత దగ్గర కుదరదు, ఇది మొదటి అరగంట తెలియక అన్నీ మసగ్గా తీశాను.

ఎర్ర మందారాలు, కాగితపు పూలు మాత్రం ఏడిపించాయి. రేకల గీతలు పోయి ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టు వచ్చాయి. ఎరుపు ఒక్కటే నిండిపోయి వివరం మిగలట్లేదు. ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) మైనస్ మూడింట రెండు వంతులకి దించాక రేకల నరాలు తిరిగొచ్చాయి. నీడ పట్టు కింద ఉన్న క్రోటన్లకి అది అక్కర్లేదు.

"సీసీడీ రంగు" అని ఇప్పుడు కుర్రాళ్లు పాత కెమెరాల వెంట పడుతున్నారు. సీసీడీ అంటే ఆ కెమెరాల్లో వెలుగుని పట్టే సెన్సర్. నాకు అంత నమ్మకం కుదరలేదు. ఫోన్ నాలుగైదు ఫోటోలు కలిపి నీడల్ని పైకి లేపి చూపిస్తుంది, ఇది ఉన్న వెలుగుని ఉన్నట్టు ఒక్క దెబ్బలో పట్టి, నీడని నల్లగా వదిలేస్తుంది. మనకి ముద్దొస్తున్నది ఆ నలుపేమో.

బాబాయి ఇంకో మాట అన్నారు. ఆయన పాత డిజిటల్ కెమెరా (కంపెనీ పేరు ఎందుకులెండి) ఒకరోజు ఊదారంగు గీతలు తీయడం మొదలుపెట్టిందట. 2005 ప్రాంతంలో చాలా కంపెనీలు ఇలాంటి వాటిని ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించాయి. వేడి, తేమ ఎక్కువున్న చోట సెన్సర్ లోపలి తీగల అతుకు ఊడటం కారణం. కోస్తాలో వేడికీ తేమకీ కొదవేముంది! అందుకని నా కెమెరాని బియ్యం డబ్బాలో కాదు, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. బియ్యంలో పెడితే దుమ్ము లెన్స్‌లోకి పోతుంది.

సెప్టెంబర్ 7

తప్పు నాదే. పాప బ్యాగులో కెమెరా బొత్తం నొక్కుకుపోయి, లెన్స్ బయటికి రాబోయి పుస్తకానికి తగిలి ఆగిపోయింది. తెర మీద లెన్స్ ఎర్రర్. బలవంతంగా లాగలేదు. నిండా చార్జ్ చేసిన సెల్స్ వేసి, లెన్స్ నేలవైపు ఉండేలా పట్టుకుని, చుట్టూ రబ్బరు బల్బుతో గాలి కొట్టి ఆన్ చేస్తే నాలుగోసారికి వచ్చింది. నాలుగైదు ఇసుక రేణువులు రాలాయి. గోదావరి ఒడ్డున కూర్చున్న రోజువి అయ్యుంటాయి. ఇప్పుడు దానికి గట్టి డబ్బా కొన్నాను.

అక్టోబర్

స్టూడియోలో ముప్పై ఫోటోలు ప్రింట్ వేయిస్తే సగం మందికి నుదుళ్లు తెగిపోయాయి. కెమెరా ఫోటో 4:3, ప్రింట్ కాగితం 4×6 అంగుళాలు, అంటే 3:2. పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు పోతుంది. మెనూలో 3:2 గీతలు చూపించే ఏర్పాటు ఉంది, అది ఆన్ చేశాక తలలు క్షేమం. ఫోటో నిండా తీస్తే 3264×2448 పిక్సెల్స్. 8×10 అంగుళాలు వేయించినా గోడ మీద బాగానే ఉంది.

ఫ్లాష్ ఒక్కటి నాకు నచ్చని విషయం. రెండు సెల్స్‌తో నడిచే ఆ కాలపు కెమెరాలకి ఇది మామూలే. ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధమవడానికి ఏడెనిమిది సెకన్లు లెక్కపెట్టాను. పుట్టినరోజు కేకు కొవ్వొత్తి ఊదే ఫోటో ఒక్కటే దొరుకుతుంది, రెండోది ఆరిపోయిన కొవ్వొత్తికే.

నవంబర్ 23

సీహెచ్‌డీకే వేశాను. క్యానన్ హ్యాక్ డెవలప్‌మెంట్ కిట్ అని, క్యానన్ కెమెరాలకి కొత్త పనులు నేర్పడానికి ఔత్సాహికులు ఉచితంగా తయారుచేసిన ప్రోగ్రాం. కెమెరాలో ఉన్నదాన్ని మార్చదు, మెమరీ కార్డు మీదే ఉంటుంది. కార్డు తీసేస్తే కెమెరా పాతదే. ముందు కెమెరా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) నంబరు తెలియాలి, సరిగ్గా ఆ నంబరుకి చెందిన ఫైళ్లే వేయాలి. కార్డు పక్కన ఉండే చిన్న తాళం లాక్‌లో ఉంచితే ఆన్ చేయగానే తనే లేస్తుంది. లాక్‌లో ఉన్నా ఫోటోలు పడతాయి, భయపడకండి. కార్డుల్లో ఎస్‌డీహెచ్‌సీ రకం దాకానే కెమెరా చదువుతుంది కాబట్టి 32 జీబీ దాటితే డబ్బు దండగ.

దీనివల్ల రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి ఫోటోలు) వచ్చాయి, ఒక్కోటి సుమారు 10 ఎంబీ, రాసుకోవడానికి చాలాసేపు పడుతుంది. అంతకన్నా నాకు నచ్చింది సెల్స్ వోల్టేజీ తెర మీద కనబడటం. 2.6 పైన ఉంటే బయల్దేరతాను, లేకపోతే రెండో జత జేబులో.

డిసెంబర్ 7

తెల్లవారుజామున పుష్కర ఘాట్. చిన్న ట్రైపాడ్, సీహెచ్‌డీకేలో పది సెకన్లకి ఒక ఫోటో తీసే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం). గంటకి 360 ఫోటోలు, 24 చొప్పున కలిపితే 15 సెకన్ల వీడియో. దూరంగా 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన, మంచులోంచి ఒక్కో స్తంభమే బయటికి వచ్చింది. 290వ ఫోటో దగ్గర సెల్స్ అయిపోయాయి. చలిలో త్వరగా దిగుతాయని తెలిసీ రెండో జత ఇంట్లో చార్జర్‌లోనే వదిలేసి వచ్చాను.

పాప అప్పటిదాకా పక్కనే కూర్చుని ఉంది. ఇంటికొచ్చి కార్డు చూస్తే, నేను టీకి వెళ్లిన పది నిమిషాల్లో ట్రైపాడ్‌ని పక్కకి తిప్పేసింది. వంతెన ఎడమకి జరిగి, మెట్ల మీద పడుకున్న కుక్క నడిమధ్యకి వచ్చి, అరవై ఫోటోల్లో తోక ఊపుతూ ఉంది.