వదినని ఒక్కదాన్నే పిలిచారు

పొద్దున్న ఆరింటికే లేచి బీరువా మీదున్న పాత ఆల్బమ్ దింపాను. చెల్లికి కిడ్నీ ఇస్తానన్నది మా వదిన, వాళ్లిద్దరి చుట్టరికం ఎప్పటిదో తెలిసేలా పాత ఫొటోలు తెమ్మన్నారు అవయవ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ వాళ్లు. బటర్ పేపర్ ఫొటోలకి అంటుకుపోయింది. నెమ్మదిగా ఊడదీస్తే చెల్లి ఓణీల ఫంక్షన్ నాటిది ఒకటి దొరికింది: వెనకాల నిలబడి పూలజడ సర్దుతున్న వదిన, నోట్లో రెండు పిన్నులు, కెమెరా వైపు చూపే లేదు.

చెల్లికి ఏడాదిన్నరగా డయాలసిస్, వారానికి మూడు రోజులు, వెళ్తే నాలుగు గంటలు. చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం, పిలుపు రాలేదు. అన్నయ్యకి షుగర్, నాకు బీపీ, బావగారి బ్లడ్ గ్రూపు కలవలేదు. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ వదిన 'నాది కూడా చూడమనండి' అంది. చూశారు, కలిసింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది.

అయితే అవయవ మార్పిడి కేంద్ర చట్టం లెక్కలో వదిన దగ్గరి బంధువు కాదు. అమ్మానాన్నలు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, 2011 సవరణతో కలిపిన తాతలు, నాయనమ్మ అమ్మమ్మలు, మనవలు, అంతే. మేనమామ కూడా అందులో లేడు! మిగతా ఎవరు ఇచ్చినా ఆథరైజేషన్ కమిటీ ఒప్పుకోవాల్సిందే. మూడేళ్ల ఆదాయం కాగితాలు ఇద్దరివీ అడిగినప్పుడు నాకు ఒళ్లు మండింది. మా ఇంటి మనిషి మా ఇంటి మనిషికి ఇస్తుంటే మధ్యలో డబ్బు మాటేమిటి అని ఎంవీపీ కాలనీ నుంచి ఆసుపత్రి దాకా గొణుగుతూనే ఉన్నాను. కానీ మన విశాఖలోనే 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి కిడ్నీ రాకెట్ కేసులు పేపర్లో చదివాం కదా, అప్పుల్లో ఉన్నవాళ్లని పట్టుకుని చేసిన పనులవి. 1994లో ఆ చట్టం తెచ్చిందే అవయవాల అమ్మకాలు ఆపడానికి. మా మొహాలు చూసి నిజమో అబద్ధమో వాళ్లకెలా తెలుస్తుంది?

అన్నయ్యని విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. తర్వాత వదినని ఒక్కదాన్నే పిలిచారు. నేను లేచి వెంట వెళ్లబోతే, మీరు ఇక్కడే ఉండండి అన్నారు. లోపల వీడియో తీస్తారు. ఆపరేషన్ చేసే టీమ్ డాక్టర్లెవరూ ఆ కమిటీలో ఉండకూడదు, సమాజంలో మంచి పేరున్న పెద్దమనుషులు ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు వీలైతే మహిళ. ఇచ్చేది ఆడమనిషైతే ఇంకా జాగ్రత్తగా చూడాలని, ఆమె ఇష్టాన్ని, కిడ్నీ పుచ్చుకునే మనిషి కాకుండా వేరొకరు నిర్ధారించాలని 2014 కేంద్ర నియమాల్లో ఉందని అక్కడి కౌన్సెలర్ చెప్పింది. ఎందుకు రాశారో నన్ను ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఇళ్లల్లో కోడలు 'ఇవ్వను' అని ఎక్కడ అనగలదు, ఎవరితో అనగలదు?

వదిన బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు టెన్షన్. ఏమైందంటే పద పద అంది. రైతుబజార్ దగ్గర ఆగి బీరకాయలు ఏరుతూ చెప్పింది.

"లోపలున్న మేడమ్ ఏమన్నారో తెలుసా బాబూ? మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పండమ్మా, టెస్టుల్లో కుదరలేదని మీ ఇంట్లోవాళ్లకి మేమే చెప్తాం, మీ మీదకి మాట రాదు అన్నారు. అంతే, ఏడుపొచ్చేసింది."

"నువ్వేమన్నావు వదినా?"

"ఇస్తానన్నాను. ఇవ్వాలనే ఉంది. భయంగా ఉందని కూడా చెప్పాను. రేపు చిన్నదానికి ఏదైనా అవసరమైతే నా దగ్గర ఇంకోటి ఉండదు కదా అని అడిగాను. కూర్చోబెట్టి అన్నీ చెప్పారు."

బీరకాయ చేదుందేమోనని గోటితో చిన్న ముక్క గిల్లి నాలుక మీద వేసుకుని చూసింది, సంచిలో వేసింది. నేను డబ్బులిచ్చాను. ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

ఆ రాత్రి వడ్డిస్తూ అన్న మాటని మేం పట్టేసుకున్నాం. అన్నయ్య గానీ నేను గానీ చెల్లి గానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా, నీకు భయంగా ఉందా అని అడగలేదు. దేవతవి అన్నాం, కాళ్లకి దండం పెట్టాం, పెట్టి ఆమె నోరు మేమే మూసేశాం. ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఆ గదిలో అడిగింది. పొద్దున్న నేను తిట్టుకున్నది ఆ గదినే.

కమిటీ నిర్ణయం ఇంకా రావాలి. పూలజడ ఫొటో వాళ్ల ఫైల్లోనే ఉంది.

రాత్రి వాళ్లింటికి వెళ్లి అడిగాను, ఆపరేషన్ అయ్యాక నీకు ఏం కావాలి వదినా అని. ఆలోచించి, పిల్లలకి పొద్దున్న బాక్సులు ఎవరు కడతారో ముందు తేల్చండి, మీ అన్నయ్యకి ఉప్మా కూడా రాదు అంది. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వచ్చాను. సోమ, బుధ, శుక్రవారాలు నావి.